జ్ఞానం మాట

ఊరికంతా చాటింపు, మునిలక్ష్మికి మాత్రం చాటు. గంగమ్మ జాతరకు చాటింపు వేసి డప్పుల వాళ్ళు రాత్రే తిరుపతి వీధులన్నీ చుట్టి వెళ్ళారు. ఇక వచ్చే మంగళవారం జాతర ముగిసేదాకా ఊరి మనిషి ఎవరూ పొలిమేర దాటి నిద్ర చేయకూడదు. అలాంటిది, బుధవారం తెల్లవారీ వారకముందే ఆమె మొగుడు ఏకాంబరం చిత్తూరు బస్సుకు చెప్పులు వేసుకుంటున్నాడు.

"తలుపు మెల్లగా తియ్యి," అంది మునిలక్ష్మి, పెరుగన్నం డబ్బా సంచిలో పెడుతూ.

"నేనేమన్నా దొంగనా, మెల్లగా పొయ్యేదానికి? సాక్షి చెప్పేదానికి పోతా ఉండాను."

"అది నాకు తెలుసు, నీకు తెలుసు. శకుంతలమ్మత్తకు తెలిసిందనుకో, మన సామాన్లు వీధిలో ఉంటాయి."

పేరుకు ఏకాంబరం గానీ ఆయనకు చొక్కాలు రెండు. సిరా మరకలు లేనిది ఒకటే కనక దాన్నే తొడుక్కున్నాడు. ఆయన ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి. అదే ప్రెస్సులో మిషను తొక్కే ఓబయ్యకు రెండు వేళ్ళు నలిగిపోయాయి. తాగి తొక్కాడని ఓనరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ సమయంలో ఓబయ్య పక్కన నిలబడి ఉన్నది ఏకాంబరం ఒక్కడే. చిత్తూరు లేబరు ఆఫీసులో ఇవాళ విచారణ.

"ఓబయ్య తాగలేదని ఒక్క మాట చెప్పేసి సాయంత్రం బస్సుకు వచ్చేస్తా. రాత్రి నిద్ర ఈడనే. గంగమ్మకు గూడా నాతో ఇబ్బంది ఉండదు."

"నాయనా," అంది చాప మీద నుంచి ఒక గొంతు. తొమ్మిదేళ్ళ జ్ఞానం ఎప్పుడు లేచిందో, దుప్పటి మెడదాకా కప్పుకొని కూర్చుని ఉంది. "నువ్వు యాడికి పొయ్యినావని అడిగితే ఏం చెప్పాల?"

"ఉండేది చెప్పు," అన్నాడు ఏకాంబరం.

"ఎవరూ అడగరులే," అంది మునిలక్ష్మి.

రెండు మాటలూ ఒకేసారి వచ్చి గుద్దుకున్నాయి. పిల్ల ఇద్దరి ముఖాలూ చూసింది. ఆ పిల్లకు అవ్వ పేరు జ్ఞానాంబ అని పెట్టుకున్నారు. బడిలో చేర్పించిన రోజున ఏకాంబరం తోక కత్తిరించి జ్ఞానం అని రాయించాడు. అంబను దించేసి జ్ఞానాన్ని ఇంట్లో ఉంచుకున్న మనిషి మరి.

ఆయన తలుపు మెల్లగానే తీశాడు. ఎంత మెల్లగా తీస్తే పాత తలుపు అంత పొడుగ్గా మూలిగింది.

ఆయన వీధి మలుపు తిరిగిన కాసేపటికి శకుంతలమ్మ పేడనీళ్ళ బకెట్టుతో వాకిట్లోకి వచ్చింది. ఆ వరస ఇళ్ళన్నీ ఆమెవే. తను ఉండేది గాక నాలుగు వాటాలు, నడుమ ఒక వాకిలి, వాకిట్లో కొళాయి, వెనక కట్టెలు వేసుకునే రేకుల కొట్టం. ఎప్పుడో చిన్నతనంలో అమ్మవారు పోసి వదిలిపెట్టిన మచ్చలు ఆమె ముఖం నిండా ఉన్నాయి. కల్లాపి చల్లుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమ్మే మునిలక్ష్మీ, మీ ఆయన అలికిడి లేదు?"

"ప్రెస్సులో అర్జెంటు పనత్తా. పెళ్ళిపత్రికలు. రాత్రి గూడా ఆడనే ఉంటాడేమో."

ఒకటి అడిగితే రెండిచ్చింది. రాత్రి సంగతి ఎవరడిగారు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం, ఇదైతే జారను కూడా లేదు, దూకింది. ఇంట్లోకి వచ్చేసరికి జ్ఞానం దుప్పటి మడుస్తూ ఉంది, అంచుకు అంచు కలిపి, ఎక్కడా ముడత లేకుండా.  

* * *

ఆ ఇంట్లో దేవుడి పటం ఒక్కటి లేదు. అయినా దేవుళ్ళు ఫారాల లెక్కన వచ్చి పడుతుంటారు. స్తోత్రాల పుస్తకాలు అచ్చయి ప్రెస్సు నుంచి వచ్చేది మునిలక్ష్మి దగ్గరికే. పెద్ద కాగితాన్ని సగానికి, దాన్ని మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి, మడత మీద వెదురుబద్దతో ఒక్క గీటు గీయాలి. పేజీ అంకెలు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నిలబడాలి. నాస్తికుడి ఆస్తి ఏమిటయ్యా అంటే ఆ వెదురుబద్ద, ఒక దబ్బనం, మైదా జిగురు గిన్నె.

సాయంత్రం దాకా మడిచింది. ప్రతి గీటుకూ ఒకసారి వీధి వైపు చూసింది. ఆరు గంటల బస్సు వచ్చే వేళయింది. ఏకాంబరం రాలేదు. ఏడు గంటల బస్సులో ఉంటాడనుకుంది.

అందరి ఇళ్ళలో దేవుడి దగ్గర దీపం పెట్టే వేళకు ఈ ఇంట్లో ముగ్గురూ చాప మీద కూర్చుంటారు. ఆ రోజు చేసిన తప్పు ఒకటి ఎవరికి వాళ్ళు చెప్పుకోవాలి. ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే కాగితం పేరే, ప్రూఫు అని, ఏకాంబరం దానికి పెట్టాడు. తిట్టేది లేదు, కొట్టేది లేదు, దాచేది లేదు. తప్పు దిద్దుకుని అన్నం తినడమే.

"నాయన లేకపోతే ప్రూఫు లేదా మా?" అంది జ్ఞానం.

"ఉండాది. చెప్పు."

"బుజ్జోడు మధ్యాన్నం నాతో ఆడుకుంటానని వచ్చినాడు. ఒళ్ళు కాలిపోతా ఉండాడు. నేను పొమ్మన్నాను. గురవమ్మత్తకు జ్వరం సంగతి చెప్పుండాల్సింది, చెప్పలా." పిల్ల ఊపిరి పీల్చుకుంది. "నీది?"

పక్కవాటా గోడ అవతల గురవమ్మ మూడేళ్ళ కొడుకు బుజ్జోడు సన్నగా ఏడుస్తున్నాడు. గురవమ్మ మొగుడు లారీ మనిషి, ఊళ్ళో లేడు. ఆమె ఒక్కతే ఏదో పాడుతూ ఊరుకోబెడుతోంది.

"అన్నం అడుగంటింది," అంది మునిలక్ష్మి.

జ్ఞానం తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత లేచి కంచాలు తెచ్చింది. రెండు తెచ్చి, ఆగి, మూడోది కూడా తెచ్చి బోర్లించి పెట్టింది.

ఏడు గంటల బస్సూ వచ్చి ఉంటుంది, ఎనిమిది గంటలదీ వచ్చి ఉంటుంది. బస్సు బోల్తా పడిందా? పాకాల దగ్గర ఆ మలుపు ఒకటి ఉంది కదా. పొలిమేర దాటినందుకే అయిందా? ఈ రెండో ప్రశ్న ఎవరడిగారో తెలియక మునిలక్ష్మి ఉలిక్కిపడింది. చూస్తే అడిగింది తనే. లేదనుకున్న గంగమ్మ వచ్చి తన మనసులోనే పీట వేసుకొని కూర్చుంటే, లే అని చెప్పడానికి ఏకాంబరం కూడా లేడు.

* * *

పొక్కకూడదని ఆమె మూసిపెట్టిన సంగతి గురువారానికీ పొక్కలేదు. బుజ్జోడి ఒంటి మీదే పొక్కులు లేచాయి.

గురవమ్మ వాడిని ఎత్తుకుని కొళాయి దగ్గరికి వచ్చి చొక్కా పైకెత్తి చూపించింది. పొట్ట మీద, వీపు మీద, నీటి చుక్కలు అతికించినట్టు. నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వెనక్కి జరిగారు. జ్ఞానం ఒక్కతే జరగలేదు. పోయినేడు తనకూ ఆ పొక్కులు వచ్చి పోయాయి.

"అమ్మవారు," అంది శకుంతలమ్మ. గొంతు కీచుమంది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే బుగ్గ మీది మచ్చల మీదికి పోయింది. లోపల ఆరు నెలల మనవడు నిద్రపోతున్నాడు. "చాటింపు వేసిన మూడో పొద్దుకే వచ్చిందంటే ఊరికే రాలా. ఈ వాకిట్లో ఎవరో పొలిమేర దాటినారు."

మునిలక్ష్మి వదిలేసిన బిందె నిండి పొర్లుతోంది. కొళాయి కట్టాలని ఆమెకు తోచలేదు.

అప్పుడే వాకిట్లోకి వేషాలు దూకాయి. జాతర వారంలో రోజుకో వేషం, ఆ రోజు బండవేషం. కుర్రాళ్ళు నలుగురు, నిలువెల్లా కుంకం పూసుకుని, వేపమండలు నడుముకు చుట్టుకుని, జాతర ఇచ్చిన చనువుతో నోటికి వచ్చిన బూతులు లంకించుకున్నారు. ఈ వారం తిట్లు ఎవరినీ అంటుకోవు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఒకడు ఎర్రటి ముఖం మునిలక్ష్మి ముఖం దగ్గరికి తెచ్చి, కళ్ళు గుడ్లు చేసి అరిచాడు.

"ఒసే, నీ మొగుడు యాడే? ఏ ఊళ్ళో పండుకున్నాడే?"

 వాడు పక్కనున్న, మూడో వాటాలో ఉండే పూలంగడి ఆమె దగ్గరికి పోయి అదే మాట అడిగాడు. ఆ పక్కామెనూ అడిగాడు. వాళ్ళు నవ్వారు. మునిలక్ష్మి కూడా నవ్వాలి. పెదాలు సాగదీసింది. నవ్వు మటుకు రాలేదు.

వేషాలు పోయాక శకుంతలమ్మ కొళాయి కట్టేసి, అందరి వైపూ ఒక్కసారి చూసింది.

"రేపు పొద్దున్నే తలకు పోసుకుని అందరూ ఈడికి రాండి. ఒక్కో ఇంటి మనిషి వేపమండ పట్టుకుని, మా ఇంట్లో ఎవురూ పొలిమేర దాటలేదని చెప్పాల. చెప్పలేనోళ్ళు సామాన్లు ఎత్తుకోని పోవాల. నాకు ఇంట్లో పసిబిడ్డ ఉండాడు."

ఆ సాయంత్రం కూడా ఏకాంబరం రాలేదు.

మునిలక్ష్మి గడప మీద కూర్చుని కూతురికి జడ వేస్తోంది. మూడు పాయలు తీసింది. పాయలు కలిసిపోయాయి. మళ్ళీ దువ్వి మళ్ళీ తీసింది.

"జ్ఞానం."

"ఊఁ."

"రేపు శకుంతలమ్మవ్వ నిన్ను అడుగుతుందేమో. అడిగితే, నాయన ప్రెస్సులో ఉండాడని చెప్పు."

"ఉండాడా?"

"లేదు."

"మరి?"

"మరి..." మునిలక్ష్మి గోడ వైపు చూసింది. "మనం ఉండేదానికి ఇల్లు ఉండాల గదమ్మా. మనకు వేరే ఎవురిస్తారు? దేవుడి పటం లేని ఇంటోళ్ళని మూడిళ్ళ కాడ పొమ్మన్నారు గదా."

పిల్ల పక్కవాటా వైపు చూసింది. అక్కడ గురవమ్మ గుమ్మానికి వేపరొట్ట కడుతోంది. ఎత్తు అందక, బోర్లించిన బిందె ఎక్కి కడుతోంది.

"ఎన్ని తూర్లు చెప్పాల మా?"

"ఒకే తూరి."

"నాయన వచ్చినాక ప్రూఫులో చెప్పొచ్చా?"

మునిలక్ష్మి జడ చివర రిబ్బను కట్టి ముడి బిగించింది. అవసరమైన దానికంటే గట్టిగా బిగించింది. "చెప్పొచ్చు."

* * *

శుక్రవారం వాకిలంతా తడి తలలు. శకుంతలమ్మ పసుపునీళ్ళ చెంబు, వేపమండ గురవమ్మ గుమ్మం ముందు పెట్టింది. బుజ్జోడు తల్లి భుజం మీద తల వాల్చుకుని ఉన్నాడు, పలచటి పంచె గుడ్డ కప్పి. పూలంగడి ఆమె మండ పట్టుకుని చెప్పింది. రైల్వే మేస్త్రీ పెళ్ళాం చెప్పింది. శకుంతలమ్మ తన ఇంటి తరఫున తనే చెప్పింది.

మునిలక్ష్మి సిద్ధంగా ఉంది. రాత్రంతా తనకు తాను నచ్చచెప్పుకుంది: గంగమ్మే లేనప్పుడు ఆమె మీద ప్రమాణం అయితేనేం? కానీ తెల్లారేసరికి ఆ తర్కమే తిరగబడింది. దేవుడున్న ఇంట్లో అబద్ధమాడితే ఆ బరువులో సగం దేవుడు మోస్తాడు, కోపగించుకునో క్షమించో. ఈ ఇంట్లో మోయడానికి ఇంకెవరూ లేరు. ఆడినవాళ్ళే మోయాలి. అయినా ఒక అడుగు ముందుకు వేసింది.

"నువ్వొద్దులే మునిలక్ష్మీ," అంది శకుంతలమ్మ. "దేవుడే లేడనేవోళ్ళు వేపమండ పట్టుకుంటే ఏంది, పొరకపుల్ల పట్టుకుంటే ఏంది. నీ కూతుర్ని రమ్మను."

మునిలక్ష్మి అడుగు అక్కడే ఆగిపోయింది.

"ఆ పిల్ల అబద్ధమాడదు. పోయిన్నెల నా ఊరగాయ జాడీ పగిలిపోతే, పిల్లి పగలగొట్టిందని నేనే అనుకుంటి. ఎవురూ చూడలా. అదే వచ్చి, అవ్వా నేను పగలగొట్టినానని చెప్పింది. వేపమండ పట్టుకున్న మా అందరికంటే దాని మాట నాకు మేలు. రామ్మా జ్ఞానం."

జ్ఞానం గడప దిగింది. గట్టిగా కట్టిన జడ వీపు మీద కర్రలా నిలబడి ఉంది.

"మండ పట్టుకోవాల్నా అవ్వా?"

"నీకు అక్కరలేదు. ఊరికే చెప్పు. మీ నాయన యాడ?"

"ప్రెస్సులో ఉండాడు."

తడబాటు లేదు, తల దించడం లేదు, తల్లి వైపు చూడడం లేదు. అచ్చుతప్పు ఒక్కటి లేని వాక్యం. వాకిలి మొత్తం ఊపిరి వదిలింది.  రెండు రోజులుగా మునిలక్ష్మి, పిల్ల నిజం చెప్పేస్తుందేమోనని భయపడింది. ఇప్పుడు వేరే భయం పట్టుకుంది, దానికి పేరు కూడా దొరకలేదు.

శకుంతలమ్మ చెంబులో నీళ్ళు నాలుగు దిక్కులా చిలకరించింది. తర్వాత గురవమ్మ వైపు తిరిగింది.

"అందరూ చెప్పినారు. ఇంక మిగిలింది నువ్వే. నీ మొగుడు లారీ ఎక్కింది చాటింపుకు ముందా, వెనకా?"

గురవమ్మ నోరు తెరిచింది. "ముందే అత్తా. నాలుగు రోజులు ముందే పొయ్యినాడు. బెంగులూరు లోడు."

"ఎవురు సూసినారు?"

గురవమ్మ అందరి ముఖాలూ వెతికింది. లారీ మనిషి వేకువనే పోతాడు, ఏ పొద్దు పోయాడో గుర్తు పెట్టుకుని సాక్ష్యం చెప్పేవాళ్ళెవరు? మేస్త్రీ పెళ్ళాం కాళ్ళ వేళ్ళు చూసుకుంది. పూలంగడి ఆమె తడి జుట్టు పిండుకుంది.

"ముందే పొయ్యినాడత్తా. నా బిడ్డ మీద..."

"బిడ్డ మీద ఒట్టు పెట్టబాకు, ముందే వాడి మింద గంగమ్మ ఉండాది," అంది శకుంతలమ్మ. గొంతులో కోపం కంటే వణుకే ఎక్కువ. "జాతర అయ్యేదాకా బిడ్డను ఎత్తుకోని వెనక కొట్టంలో ఉండు. ఈ గాలి నా మనవడికి తగలకూడదు."

మే నెల ఎండ. పైన రేకులు, కింద కట్టెలు. గురవమ్మ ఎదురు చెప్పలేదు. చాప, చెంబు, బిడ్డ, ఈ మూడూ రెండు చేతుల్లో పట్టక, చాపను చంకలో ఇరికించుకుని వెనక్కి పోయింది.

* * *

పదకొండు గంటలకు రేకులు ఎండకు టక్ టక్‌మని చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. మునిలక్ష్మి ఫారాలు ముందు వేసుకుని కూర్చుంది. సగానికి, మళ్ళీ సగానికి. బుజ్జోడి ఏడుపు మొదట గట్టిగా వచ్చింది, తర్వాత బొంగురుపోయింది, తర్వాత ఆగి ఆగి వచ్చింది. మడిచిన కాగితం చూసుకుంటే అయిదో పేజీ పక్కన పన్నెండోది నిలబడి ఉంది. విప్పి మళ్ళీ మడిచింది. మళ్ళీ తప్పింది.

జ్ఞానం అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"మా, గురవమ్మత్త ఏం తప్పు చేసింది?"

"ఏమీ చెయ్యలా."

"మరి ఆమెను ఎందుకు ఆడ పెట్టినారు?"

ఏడుపు ఆగింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. మళ్ళీ మొదలవుతుందని ఎదురు చూశారు. మొదలవలేదు. మునిలక్ష్మి బద్ద కింద పెట్టి లేచింది. 

శకుంతలమ్మ పంచలో చేటలో బియ్యం చెరుగుతోంది.

"అత్తా, పొలిమేర దాటింది గురవమ్మ మొగుడు కాదు. మా ఆయన. బుధవారం చిత్తూరికి పొయ్యినాడు. ఇంకా రాలా."

చేట ఆగింది. శకుంతలమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసి, మెల్లగా నవ్వింది. జాలి నవ్వు.

"నీ మనసు మెత్తనమ్మే. ఆమె కొట్టంలో ఉంటే చూడలేక నీ మింద వేసుకుంటా ఉండావు."

"కాదత్తా, నిజం."

"నీ బిడ్డ చెప్పింది గదా ప్రెస్సులో ఉండాడని."

"నేనే అట్ట చెప్పమన్నాను."

"చాల్లే!" శకుంతలమ్మ చేట విసురుగా ఎగరేసింది. "ఒకామెను గట్టెక్కించేదానికి కన్నబిడ్డను అబద్ధాలకోరు చేస్తావా? ఆ పిల్లను నేను ఎరగనా?"

 రెండు రోజులు మునిలక్ష్మి అబద్ధాన్ని నిలబెట్టడానికి అంత కష్టపడింది. నిజాన్ని నమ్మించడం అంతకంటే కష్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏడుపు మళ్ళీ మొదలైంది. ఈసారి గురవమ్మది.

"అవ్వా."

జ్ఞానం పంచ మెట్టు కింద నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. కింద బండ కాలుతోంది, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని ఉంది.

"నేను అబద్ధం చెప్పినాను."

"మీ అమ్మ ఇట్ట చెప్పమనిందా ఇప్పుడు?"

"ఇప్పుడు చెప్పమనలా. పొద్దున దానికి చెప్పమనింది." పిల్ల కాలుతున్న పాదం మార్చుకుంది. "చెప్పమనింది అమ్మ. చెప్పింది నేను."

శకుంతలమ్మ చేట పక్కన పెట్టింది. బియ్యం ఒక వైపుకు ఒరిగి కింద రాలాయి. ఆమె వాటిని ఏరలేదు. పిల్ల ముఖం వైపు చాలాసేపు చూసింది. కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నం చేస్తున్నట్టుంది గానీ ముందు వేరేది వచ్చింది.

"నిన్ను నమ్మినానే," అంది.



పెద్దామె లేచి, వెనక కొట్టం దాకా తనే నడిచిపోయింది. తలుపు చప్పుడు వినబడింది. వచ్చేటప్పుడు చాప ఆమె చేతిలో ఉంది. వెనక గురవమ్మ, చెమటతో తడిసి ముద్దయిన జాకెట్టు, భుజం మీద కదలకుండా బుజ్జోడు. మునిలక్ష్మి ముందు నుంచే పోయింది. ఒక్క చూపు చూస్తే, ఒక తిట్టు తిడితే మునిలక్ష్మికి మేలుగా ఉండేది. అదేమీ లేదు. తలుపు మూసుకుంది.

"బుధవారానికి ఇల్లు ఖాళీ చెయ్యండి," అంది శకుంతలమ్మ ఎటో చూస్తూ.

* * *

శనివారం పది గంటలకు ఏకాంబరం వచ్చాడు. చొక్కా మూడు రోజుల మడతలతో ఉంది. గడ్డం పెరిగింది. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"వాయిదా అంటే ఏందో తెలుసునా? మన నోరు వాయించి దాచిపెట్టేది! బుధవారం ఆపీసరు రాలా, గురువారం ఓనరు రాలా, నిన్న సాయంత్రం ఇద్దరూ వస్తే బస్సు రాలా. వచ్చి మళ్ళా పొయ్యేదానికి చార్జీలు లేవు, మూడు రాత్రులు బస్టాండు బెంచీ నన్ను మోసింది. కానీ రాసుకున్నారు మే! ఓబయ్య తాగలేదని రాసుకున్నారు!"

అప్పుడు చూశాడు. గోనెసంచిలో సగం సామాన్లు సర్ది ఉన్నాయి. వెదురుబద్ద, దబ్బనం తాడుతో కట్టి ఉన్నాయి. మునిలక్ష్మి చేతిలో జిగురు గిన్నె ఉంది, కడిగి ఆరబెట్టింది. ఆమె జరిగింది చెప్పింది. వరసగా, ఏదీ వదలకుండా, తన వంతు కూడా వదలకుండా చెప్పింది. ఆయన చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ విన్నాడు. గుండీ ఊడి చేతికి వచ్చింది.

"నాయనా," అంది జ్ఞానం. "ఇంక నా మాట ఎవురూ నమ్మరా?"

ఏ మాటకైనా ఇంకో మాట అంటించే మనిషి. గుండీ వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. ఒక్కటీ అంటుకోలేదు.

"కొన్నాళ్ళు నమ్మరమ్మా."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

పక్కవాటా తలుపు తెరుచుకుంది. గురవమ్మ ఈ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది. కళ్ళు ఎర్రగా, కింద నల్లగా. మొగుడూ పెళ్ళాలను ఇద్దరినీ దాటి చూసింది.

"జ్ఞానం. ఇట్ట రా."

మునిలక్ష్మి చెయ్యి తనంత తానే పిల్ల భుజం మీద పడింది. కొడుతుందా? బుజ్జోడికి ఏమైనా అయిందా? జ్ఞానం ఆ చెయ్యి కింద నుంచి జరిగి నడిచింది. మునిలక్ష్మి వెనకే పోయి గురవమ్మ గడప దగ్గర ఆగిపోయింది. దాటడానికి ధైర్యం చాలలేదు.

లోపల చీకటిగా ఉంది. వేపాకు పరిచిన గుడ్డ మీద బుజ్జోడు. ముఖం గుర్తు పట్టేలా లేదు. పొక్కులు కొన్ని నల్లబడి, కొన్ని నిండుగా ఉన్నాయి. రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాయి.

"నిన్నటి నుంచి కండ్లు తెరవలా," అంది గురవమ్మ.  "కంట్లో గూడా పోసిందేమోనని నాకు భయం. నేను చూడలేను. శకుంతలమ్మత్తను చూడమంటే, చూడకుండానే ఏమీ లేదులే అనింది, నా ధైర్యానికి. నాకు ధైర్యం వద్దు." ఆగింది. "నువ్వు చూడు. ఉండేది చెప్పు."

జ్ఞానం చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుని, గౌనుకు తుడుచుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, బుజ్జోడి తల ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలితో ఎడమ కంటి రెప్పను, గుడ్డు పెంకు మీది పొరలాగా, మెల్లగా పైకి లాగింది. వంగి చూసింది. వాకిలి వైపు నుంచి వచ్చే వెలుతురుకు తల తిప్పి, మళ్ళీ చూసింది. గురవమ్మ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. రెండు చేతులూ నోటి మీద ఉన్నాయి.

"రెప్ప మింద ఒకటి ఉండాది అత్తా. పెద్దదే. లోపల లేదు. గుడ్డు తెల్లగా ఉండాది."

గురవమ్మ భుజాలు కదిలాయి. తిరగలేదు.

"ఆ కన్ను?"

పిల్ల రెండో రెప్ప మీద వేలు పెట్టింది. లాగింది, ఆపింది. బుజ్జోడు మూలిగాడు. గడప అవతల మునిలక్ష్మి తలుపు చెక్కను గోళ్ళతో పట్టుకుంది. లేదని చెప్పెయ్యి, అని మనసు అరిచింది. పెదాలు మాత్రం బిగించుకుంది.

"ఇది పుసి కట్టుకోని అతుక్కుపొయ్యింది," అంది జ్ఞానం. "కనపడలా. ఉండాదో లేదో నాకు తెలీదు. కాగబెట్టి ఆరిన నీళ్ళు తెస్తే, తుడిచి చూసి చెప్తాను."

గురవమ్మ గోడ వైపు నుంచి తిరిగి పిల్ల ముఖంలోకి చూసింది. తర్వాత పొయ్యి దగ్గరికి, నీళ్ళకు పోయింది.